పసిపాప గజ్జల్లో మొండి ఎరుపు: పౌడరు కాదు, సరైన మందు కావాలి

“డాక్టరుగారూ! మా బాబుకు ఎనిమిదో నెల. నెల క్రితం దగ్గు, జ్వరం వస్తే యాంటీబయాటిక్ సిరప్ వాడాం. జ్వరం తగ్గింది కానీ విరోచనాలు పట్టుకున్నాయి. అవి కట్టేసరికి గజ్జల్లోనూ, పిర్రల మీదా ఎర్రగా లేచింది. పౌడరు చల్లాను. కొబ్బరినూనె రాశాను. మా అత్తగారు పసుపు రాయమంటే అదీ రాశాను. చివరకు మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. రాసిన రెండోరోజుకే ఎరుపు మాయమయింది. హమ్మయ్య అనుకుని మానేశాను. నాలుగు రోజుల్లో అంతకు రెట్టింపు వచ్చింది. మళ్ళీ రాశాను, తగ్గింది. మానాను, వచ్చింది. ఇలా మూడుసార్లయింది. తడిపినప్పుడల్లా వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే చూడలేకపోతున్నాను. ‘నీ పాలు వేడి చేశాయి’ అని మా అత్తగారు నాకు పెరుగు, పళ్ళు మాన్పించారు. ఇదంతా నావల్లేనా?”

ఈ ఉత్తరం రాసిన సోదరికి ముందుగా ఒకమాట. ఇది మీ వల్ల రాలేదు. మీ పాలవల్ల అంతకంటే రాలేదు. మీరు రేపటినుంచి నిశ్చింతగా పెరుగన్నం తినండి, పళ్ళు తినండి. పాలిచ్చే తల్లి కడుపు మాడ్చుకుంటే పిల్లవాడి గజ్జల్లో ఎరుపు తగ్గదు. తల్లి నీరసపడుతుంది, అంతే.

మీరు రాసిన నాలుగు సంగతులు కలిపి చూస్తే విషయం చాలావరకు తెలిసిపోతోంది. యాంటీబయాటిక్ వాడారు. విరోచనాలయ్యాయి. గజ్జల్లో ఎరుపు వచ్చింది. ట్యూబు రాస్తే పోయి, మానితే ఇంకా ఎక్కువై వచ్చింది. ఇది మామూలు ఒరిపిడి కాకపోవచ్చు. ‘కాండిడా’ అనే ఒక రకం ఈస్ట్, అంటే ఫంగస్, చర్మం మీద చేరి వుంటుంది. దీన్ని చాలామంది పిల్లల్లో ఇంట్లోనే నయం చేసుకోవచ్చు. కాని ముందు దాన్ని గుర్తుపట్టాలి.

రెండు రకాల ఎరుపు

పసిపిల్లలకు గోచీ కట్టేచోట వచ్చే ఎరుపులో ఎక్కువ భాగం మామూలు ఒరిపిడే. మూత్రం, మలం కలిసి చాలాసేపు చర్మానికి అంటుకుని వుంటే చర్మం నానిపోతుంది. మూత్రం నుంచి పుట్టే అమోనియా వల్ల అక్కడి ఆమ్లగుణం తగ్గుతుంది. అప్పుడు మలంలోని జీర్ణరసాలు చురుకై చర్మాన్ని కొరకడం మొదలుపెడతాయి. దానికి తోడు గుడ్డ రాపిడి. ఫలితంగా గుడ్డ గట్టిగా తగిలేచోట్ల, అంటే పిర్రల మీద, తొడల మీద, పొత్తికడుపు కింద ఎర్రబడుతుంది. గజ్జల ముడత లోపల గుడ్డ తగలదు కనుక అక్కడ చర్మం బాగానే వుంటుంది. శుభ్రంగా, పొడిగా వుంచితే రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది.

ఫంగస్ తీరు దీనికి సరిగ్గా వ్యతిరేకం. దానికి తడి, వెచ్చదనం, చీకటి కావాలి. ఆ మూడూ దొరికేది ముడతల్లోనే. అందుకని అది గజ్జల ముడతల్లోనే తిష్ఠవేసి, అక్కడినుంచి బయటకు పాకుతుంది.

కాబట్టి పాపను పడుకోబెట్టి, కాళ్ళు మెల్లగా ఎడంచేసి, గజ్జ ముడతను వేలితో విప్పి మంచి వెలుతురులో చూడండి. ఈ గుర్తులు వున్నాయా?

ముడత లోపలకంటా ఎర్రగా, చెమ్మగా, నిగనిగలాడుతూ వుంటుంది. ఎరుపుకు అంచు గీత గీసినట్టు స్పష్టంగా వుంటుంది. ఒక్కోసారి అంచు వెంట సన్నని పొట్టు లేస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు ఏమంటే, పెద్ద ఎరుపుకు కాస్త దూరంగా, చంద్రుడి చుట్టూ చుక్కల్లాగా, చిన్న చిన్న ఎర్రటి పొక్కులు విడివిడిగా వుంటాయి. మగపిల్లల్లో వృషణాల సంచి మీద, ఆడపిల్లల్లో మర్మావయవాల మడతల్లో కూడా కనిపించవచ్చు.

చామనఛాయ పిల్లల్లో, నల్లని పిల్లల్లో ఎరుపు ఇంత స్పష్టంగా తెలియదు. ముదురు గోధుమరంగుగానో, ఊదా కలిసిన రంగుగానో కనిపిస్తుంది. అప్పుడు రంగుకంటే చెమ్మనీ, నిగనిగనీ, చుట్టూ వున్న చుక్కల్నీ చూసి పోల్చుకోవాలి.

ముడతల్లోకి పాకిన ఎరుపు, చుట్టూ చుక్కలు, శుభ్రంగా వుంచినా మూడు రోజులకు తగ్గకపోవడం. ఈ మూడూ కలిస్తే ఫంగస్‌ను అనుమానించాలి.

ఈ ఫంగస్ ఎక్కడినుంచి వచ్చింది?

బయటినుంచి ఎవరో అంటించింది కాదు. కాండిడా మనలో చాలామంది నోటిలో, పేగుల్లో హాని చేయకుండా కాపురం వుంటుంది. పేగుల్లో వుండే మంచి బాక్టీరియా దాన్ని అదుపులో పెట్టి వుంచుతుంది. యాంటీబయాటిక్ వాడినప్పుడు జబ్బు చేసే బాక్టీరియాతో పాటు ఈ కాపలా బాక్టీరియా కూడా కొంత చనిపోతుంది. కాండిడాకు అడ్డు తొలగిపోతుంది. అదే సమయంలో విరోచనాలు పట్టుకుంటే చర్మం నాని, చిట్లి వుంటుంది. మలంతో బయటికి వచ్చిన ఫంగస్‌కు తలుపు తీసి పెట్టినట్టే.

అయితే యాంటీబయాటిక్ వాడటం తప్పా? అవసరమై డాక్టరు రాస్తే తప్పు కాదు. ప్రతి జలుబుకీ పాత సీసా తీసి పోస్తే మాత్రం తప్పే. వాడిన రోజుల్లో పిల్లవాడి గోచీ భాగాన్ని మామూలుకంటే ఎక్కువ శ్రద్ధగా పొడిగా వుంచాలి.

ఆ ట్యూబులో ఏముంది?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే రెండురోజుల్లో తగ్గి, మానగానే ఎందుకు తిరగబెట్టింది?

మందుల షాపుల్లో ‘దురదకు, ఎరుపుకు, తామరకు అన్నిటికీ ఇదే’ అని ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో మూడు మందులు కలిపి వుంటాయి. ఒకటి ఫంగస్‌ను చంపేది. ఒకటి బాక్టీరియాను చంపేది. మూడోది స్టీరాయిడ్. ఈ స్టీరాయిడ్ ఎరుపును, మంటను చిటికెలో అణిచేస్తుంది. చూసేవారికి జబ్బు తగ్గిపోయినట్టే వుంటుంది. కాని అది ఫంగస్‌ను చంపదు. ఫంగస్‌తో పోరాడే చర్మం శక్తిని కూడా తగ్గిస్తుంది. పైకి ఎరుపు పోయింది కదా అని తల్లి మందు ఆపేస్తుంది. లోపల మిగిలిన ఫంగస్ మళ్ళీ పెరుగుతుంది. మీ బాబు విషయంలో మూడుసార్లు జరిగింది ఇదే అయివుండవచ్చు.

దీనికంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి వుంది. పెద్దవాళ్ళ అరికాలికి రాసిన మందూ, పసివాడి గజ్జల్లో రాసిన మందూ ఒకటి కాదు. గజ్జల చర్మం చాలా పలచన. పైన డయపర్ కడితే అది కట్టు కట్టినట్టే. మందు చర్మంలోంచి ఒంట్లోకి బాగా ఇంకుతుంది. ఘాటైన స్టీరాయిడ్‌ను వారాలు, నెలల తరబడి ఇలా రాస్తే చర్మం పలచబడి చారలు పడుతుంది. కొందరు పిల్లల్లో ముఖం చంద్రబింబంలా వుబ్బుతుంది. బిడ్డ బొద్దుగా తయారయ్యాడని ఇంట్లోవాళ్ళు మురిసిపోతారు. నిజానికి అది మందు చేసిన కీడు. పొడుగు ఎదగడం మందగిస్తుంది, రోగాలను తట్టుకునే శక్తి తగ్గుతుంది.

గోచీ కింద రాసింది ఒంటికి పడుతుందనడానికి ఒక విషాద ఉదాహరణ వుంది. 1972లో ఫ్రాన్స్‌లో పసిపిల్లలకు వాడే ఒక టాల్కం పౌడరులో పొరపాటున హెక్సాక్లోరోఫీన్ అనే క్రిమిసంహారక మందు మోతాదుకు మించి కలిసిపోయింది. ఆ పౌడరు వాడిన పిల్లల్లో 36 మంది చనిపోయారు. వాళ్ళకు ఎవరూ నోట్లో ఏమీ పోయలేదు. చర్మం మీద చల్లారు, అంతే.

అందువల్ల ట్యూబు కొనేముందు దానిమీద చిన్న అక్షరాల్లో వున్న మందుల పేర్లు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ అనే పేర్లలో ఏది కనిపించినా అది స్టీరాయిడ్. మీ అంతట మీరు పసివాడికి రాయవద్దు. మీకు కావలసింది ‘క్లోట్రిమజోల్’, ‘క్లోబెటసాల్’ కాదు. రెండూ ‘క్లో’తోనే మొదలవుతాయి కనుక తొందరలో ఒకటి అడిగితే ఒకటి చేతికి రావచ్చు. స్టీరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ మీదే అమ్మాలని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది కూడా. మంట మరీ ఎక్కువగా వుంటే డాక్టరు ఒక్కోసారి చాలా తేలికపాటి స్టీరాయిడ్‌ను కొద్దిరోజులకు రాయవచ్చు. అది చూసి, లెక్కకట్టి రాసిన మందు. దానిసంగతి వేరు.

మీరు కొద్దిరోజులే వాడారు కనుక ఆ ట్యూబు ఆపేయండి. ఎవరైనా నెలల తరబడి రాస్తూ వుంటే ఒక్కసారిగా మానేయకుండా, ట్యూబు చేత్తో పట్టుకుని పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్ళండి. ఎలా మానాలో ఆయన చెబుతారు.

ఇంట్లో చేయవలసిన వైద్యం

ఒకటి: గుడ్డగాని డయపర్‌గాని తరచు మార్చాలి. పగలు రెండు మూడు గంటలకొకసారి చూడాలి. మలవిసర్జన చేస్తే క్షణం ఆలస్యం చేయకూడదు. ఈ జబ్బు తగ్గేదాకా రాత్రి కూడా ఒకసారి లేచి మార్చండి.

రెండు: గోరువెచ్చని నీళ్ళతో కడగాలి. ప్రతిసారీ సబ్బు అక్కర్లేదు. మలం అంటినప్పుడు ఘాటులేని సబ్బు కొద్దిగా వాడితే చాలు. సువాసనలు, స్పిరిటు కలిసిన తడికాగితాలతో తుడవద్దు, మండుతుంది. సున్నిపిండితో నలుగు పెట్టే అలవాటు వుంటే ఆ భాగాన్ని వదిలేయండి. ఆడపిల్లలకు ముందునుంచి వెనక్కు తుడవాలి.

మూడు: ఆరబెట్టాలి. మెత్తని నూలుగుడ్డతో అద్దాలి కాని రుద్దకూడదు. ముడతలు విప్పి మరీ అద్దండి. తరువాత పాత పంచె ముక్క నాలుగు మడతలు వేసి, దానిమీద పాపను గోచీ లేకుండా పది పదిహేను నిమిషాలు వదిలేయండి. రోజుకు నాలుగైదుసార్లు ఇలా గాలి తగలాలి. పక్క తడుస్తుందని బెంగపడకండి. తడిసిన పక్క గుడ్డను వుతుక్కోవచ్చు. ఎండలో పడుకోబెట్టనవసరం లేదు. నీడపట్టున గాలి చాలు.

నాలుగు: బాగా ఆరిన తరువాత ఫంగస్ మందు రాయాలి. స్టీరాయిడ్ కలవని వట్టి క్లోట్రిమజోల్ 1 శాతం క్రీము రోజుకు రెండుసార్లు, ఎరుపు మీదా, దాని చుట్టూ చుక్కలు వున్నంతమేరా పలచగా పూయండి. ముద్దలుగా పూస్తే చెమ్మ నిలుస్తుంది. మికొనజోల్, నిస్టాటిన్ కూడా ఇదే పని చేస్తాయి. మందు పెట్టేముందు, పెట్టిన తరువాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఐదు: క్రీము ఇంకిన కాసేపటికి దానిపైన జింక్ ఆక్సైడ్ ఆయింటుమెంటుగాని, పెట్రోలియం జెల్లీగాని పూయండి. ఇది చర్మానికీ తడికీ మధ్య గోడలా పనిచేస్తుంది. మొదట మందు, దానిపైన గోడ. వరస తారుమారు చేస్తే మందు చర్మానికి అందదు. గోచీ మార్చినప్పుడల్లా ఈ పూతను పూర్తిగా గీకి తీయకండి. పైన మలినమైనంతవరకే తుడిచి, మళ్ళీ కొంచెం పూస్తే సరి.

రెండు మూడు రోజుల్లో మంట తగ్గి, ఎరుపు వాడటం మొదలుపెడుతుంది. చాలామంది తల్లులు పొరబడేది ఇక్కడే. ఎరుపు కనపడకపోగానే ట్యూబు అటక ఎక్కిస్తారు. అలా చేయవద్దు. చర్మం మామూలుగా అయిన తరువాత కూడా మరో వారం రాయాలి. మొత్తం రెండు వారాలు పట్టవచ్చు. కాలెండరులో మొదలుపెట్టిన తేదీ రాసి పెట్టుకోండి.

గుడ్డలా, డయపర్లా?

ఇది ప్రతి ఇంట్లోనూ అత్తాకోడళ్ళ మధ్య వచ్చే వాదమే. నిజం చెప్పాలంటే తప్పు గుడ్డదీ కాదు, డయపర్‌దీ కాదు. తడిసిన తరువాత ఎంతసేపు వుంచామన్నదే లెక్క. ఇప్పటి డయపర్లు తడిని బాగానే పీల్చుకుంటాయి. కాని ఖరీదు చూసుకుని, నిండేదాకా వుంచుదామనుకుంటే చిక్కు వస్తుంది. మొలతాడుకు దోపే పాత చీరముక్క గాలి ఆడనిస్తుంది. కాని అది తడవగానే మార్చాలి. దానిపైన ప్లాస్టిక్ జాంగియా తొడిగితే గుడ్డవల్ల వచ్చే లాభం కాస్తా పోతుంది. రబ్బరుషీటు పక్కకింద వుండాలి గాని ఒంటికి తగలకూడదు.

మలం అంటిన గుడ్డలను విడిగా నానబెట్టి, వేడినీళ్ళలో వుతికి, సబ్బు పూర్తిగా పోయేదాకా రెండు మూడు నీళ్ళలో జాడించి, మంచి ఎండలో ఆరవేయండి. యాంటీసెప్టిక్ లోషన్‌లో ముంచి అలాగే ఆరవేయడం మంచిది కాదు. గుడ్డలో మిగిలిన మందే చర్మాన్ని మండిస్తుంది. ముసురు రోజుల్లో సగం ఆరిన గుడ్డలు కట్టకుండా ఇస్త్రీ చేసి వాడండి.

అమ్మమ్మల మందులు

1950లో అమెరికాలో ఎలిజబెత్ హేజెన్, రేచల్ బ్రౌన్ అనే ఇద్దరు మహిళా శాస్త్రవేత్తలు ఒక పొలం మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి నిస్టాటిన్‌ను వెలికితీసినట్టు ప్రకటించారు. వారు పనిచేసిన న్యూయార్క్ స్టేట్ పేరుమీదే దానికి ఆ పేరు పెట్టారు. మనుషులకు వాడదగిన ఇలాంటి ఫంగస్ మందులు అందుబాటులోకి రాకముందు మన పెద్దవాళ్ళు చేతిలో వున్నవాటితోనే బిడ్డలను కాపాడుకున్నారు. వాళ్ళను తప్పుపట్టలేం. కాని ఇప్పుడు అంతకంటే మంచివి వున్నాయి.

కొబ్బరినూనె మామూలు ఒరిపిడికి ఫరవాలేదు. తడి తగలకుండా కొంత కాపాడుతుంది. ఫంగస్ పట్టిన తరువాత అది ఒక్కటే చాలదు. పసుపు చిట్లిన చర్మం మీద మండవచ్చు. పైగా ఎరుపు ఎంత వుందో కనపడకుండా చేస్తుంది. టాల్కం పౌడరు తడిసి ముడతల్లో వుండలు కట్టి ఒరుసుకుంటుంది. చల్లేటప్పుడు పిల్లవాడి వూపిరితిత్తుల్లోకి కూడా పోతుంది. బోరిక్ పౌడరు అసలే వద్దు. అది చిట్లిన చర్మంలోంచి ఒంట్లోకి ఇంకి పసిపిల్లల ప్రాణాలు తీసిన సందర్భాలు వైద్యచరిత్రలో వున్నాయి.

నోరు కూడా చూడండి

గజ్జల్లో ఫంగస్ వున్న పిల్లల్లో కొందరికి నోట్లో కూడా వుంటుంది. బుగ్గల లోపల, నాలుక మీద పెరుగు తరకల్లాంటి తెల్లని పూత కనిపిస్తుందా? మెత్తని గుడ్డతో తుడిస్తే పోయేది పాలచార. పోకుండా అంటుకుని, కింద ఎర్రగా వుంటే అది ఫంగస్. తల్లికి చనుమొనలు ఎర్రబడి, పాలిచ్చేటప్పుడూ తరువాతా సూదులతో పొడిచినట్టు వుంటే ఆమెకూ సోకివుండవచ్చు. అప్పుడు తల్లీబిడ్డలిద్దరికీ ఒకేసారి వైద్యం జరగాలి. పాలివ్వడం మానవలసిన పనిలేదు. నోటికి వాడే మందు మాత్రం డాక్టరునడిగే వాడండి. జెల్ మందు ముద్దగా నాలుక వెనక పెడితే చంటిపిల్లలకు గొంతుకడ్డం పడే ప్రమాదముంది. ఏడాదిలోపు పిల్లల నోట్లో తేనె రాయకూడదు.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

బిడ్డకు రెండు నెలలు నిండకపోయినా, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయినా సొంతవైద్యం వద్దు. జ్వరం వచ్చినా, చీము, నీటిబొబ్బలు, పసుపుపచ్చని పక్కులు, రక్తం కనిపించినా వెంటనే చూపించండి. ఇంత శ్రద్ధగా చేసినా మూడు రోజులకు ఇంకా పెరుగుతుంటే, లేదా వారానికి తగ్గుముఖం పట్టకపోతే చూపించండి. కొన్ని చర్మవ్యాధులు చూడటానికి ఇలాగే వుంటాయి. నోటిచుట్టూ, మలద్వారం చుట్టూ ఎర్రని పుండ్లు, ఆగని విరోచనాలు, జుట్టు వూడటం కలిస్తే ఒంట్లో జింకు లోపం వుండవచ్చు. తగ్గిన ఫంగస్ పదేపదే వస్తూ, బిడ్డ బరువు పెరగకపోతే లోపల మరో కారణం వుందేమో పరీక్షించాలి.

ఉత్తరం రాసిన సోదరీ! ఈ వ్యాసాన్ని మీ అత్తగారికి కూడా చదివి వినిపించండి. మనవడిమీద ప్రేమతోనే ఆవిడ మీకు పథ్యం పెట్టారు. ఆ ప్రేమను ఇప్పుడు మరో పనికి వాడుకుందాం. రోజుకు నాలుగుసార్లు వాణ్ణి గోచీ లేకుండా పంచెముక్క మీద వేసుకుని ఆడించే పని ఆవిడకు అప్పగించండి. ఒడి తడిసినా ఏ నాయనమ్మా విసుక్కోదు. మందు రాసే పని, తేదీ లెక్కపెట్టే పని మీరు చూసుకోండి. రెండు వారాలు ఓపిక పట్టండి. వారానికల్లా తగ్గుముఖం పట్టకపోతే మాత్రం మొహమాటపడకుండా, ఆ పాత ట్యూబు కూడా వెంట తీసుకుని పిల్లల డాక్టరును కలవండి.